దూరగ్రహాల వాయుమండలంలో జీవచిహ్నాలు: సాక్ష్యమూ, నిర్ధారణా

భూమికి వెలుపల జీవం ఉన్నదా అన్న ప్రశ్న మానవునికి కొత్తది కాదు. ఆ ప్రశ్నను ఊహల నుంచి తప్పించి కొలతల పరిధిలోకి తేగలగడమే కొత్త విషయం. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు నిక్కు మధుసూదన్, ఆయన సహచరులు ఒక ప్రకటన చేశారు. సింహరాశిలో 124 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న కె2-18బి అనే గ్రహపు వాయుమండలంలో డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు ఆనవాళ్లు కనిపిస్తున్నాయన్నది దాని సారాంశం. భూమి మీద ఈ వాయువును ముఖ్యంగా సముద్రంలోని సూక్ష్మజీవులే ఉత్పత్తి చేస్తాయి. మధుసూదన్ వారణాసిలో ఇంజనీరింగు చదివి, అమెరికాలో డాక్టరేటు పొందిన భారతీయుడు. అందువల్ల మన దేశపు పత్రికలు ఈ వార్తకు మరింత ప్రాముఖ్యం ఇచ్చాయి.

పరిశోధకులు "ఆనవాళ్లు ఉండవచ్చు" అన్నారు. కొన్ని పత్రికల శీర్షికల్లో అది "జీవం దొరికింది" అయింది. కొద్ది వారాల్లోనే ఇతర శాస్త్రజ్ఞులు ఆ కొలతలనే తిరిగి పరిశీలించి, అందులో చెప్పుకోదగ్గ సాక్ష్యం లేదన్నారు. మొదటి వార్త విన్నవారిలో చాలామంది రెండవది వినలేదు. విన్నవారిలో కొందరు, శాస్త్రజ్ఞుల మాటకు నిలకడ లేదని విసుక్కున్నారు. ఈ రెండు ధోరణులకూ కారణం ఒక్కటే. అసలు ఆ సాక్ష్యం ఎలాంటిదో, దాని బలమెంతో, బలహీనత ఎక్కడో పాఠకునికి ఎవరూ విప్పి చెప్పలేదు.

కాంతి తెచ్చే కబురు

124 కాంతి సంవత్సరాల దూరానికి మనిషి పోలేడు. అక్కడి గాలిని సీసాలో పట్టి తేలేడు. అక్కడి నుంచి మనకు చేరేది కాంతి ఒక్కటే. ఆ కాంతిని గాజు పట్టకం వంటి సాధనంతో రంగులుగా విడదీస్తే, ఆ రంగుల పట్టీలో కొన్ని చోట్ల నల్లని గీతలో, కొన్ని చోట్ల మెరిసే గీతలో కనిపిస్తాయి. ప్రతి మూలకానికీ, ప్రతి వాయువుకూ తనదైన గీతల వరుస ఉంటుంది. వేలిముద్రను బట్టి మనిషిని గుర్తించినట్లు, ఈ గీతలను బట్టి వాయువును గుర్తించవచ్చు.

ఈ విద్య చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం తెలుగునేల మీదనే జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చాడు. గ్రహణ సమయంలో సూర్యబింబపు అంచున లేచే జ్వాలల కాంతిని విడదీసి మెరిసే గీతలను చూశాడు. మరునాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్ళీ చూడగలిగాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ పరిశీలించాడు. ఆ జ్వాలల కాంతిలో కనిపించిన ఒక పసుపు గీత మొదట సోడియం గీతగా తోచింది గాని, దాని స్థానం సోడియం గీతలతో సరిపోలలేదు. భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ అది చెందదని తర్వాత తేలింది. దానికి హీలియం అని పేరు పెట్టారు. అయినా 1895లో రామ్‌సే లండన్‌లో ఒక ఖనిజం నుంచి ఆ వాయువును వేరు చేసి చూపేదాకా సందేహం పూర్తిగా తీరలేదు. అంటే కాంతి చెప్పిన సాక్ష్యం రుజువు కావడానికి 27 సంవత్సరాలు పట్టింది.

దీనికి జంటగా మరో కథ ఉంది. మరుసటి సంవత్సరం, 1869లో, అమెరికాలో కనిపించిన గ్రహణంలో సూర్యుని చుట్టూ ఉండే వెలుగువలయంలో ఒక ఆకుపచ్చ గీత కనబడింది. అది కూడా తెలిసిన ఏ మూలకానికీ సరిపోలలేదు. హీలియం వలెనే ఇదీ కొత్త మూలకమని తలచి దానికి కరోనియం అని పేరు పెట్టారు. సుమారు 70 సంవత్సరాల తర్వాత తేలిందేమంటే, అది కొత్త మూలకమేమీ కాదు. అత్యధిక ఉష్ణోగ్రతలో 13 ఎలక్ట్రాన్లు కోల్పోయిన మామూలు ఇనుము. రెండు గీతలనూ చూసింది ఒకే రకమైన సాధనాలతో, ఒకే తరం శాస్త్రజ్ఞులు. ఒక ఊహ నిలిచింది, రెండవది కూలింది. గీత కనబడడం ఒక ఎత్తు, దానికి అర్థం చెప్పడం మరో ఎత్తు అని ఈ రెండు గ్రహణాలూ నేర్పాయి.

దూరగ్రహాల విషయంలో పని ఇంకా సున్నితమైనది. గ్రహం తన నక్షత్రానికి ముందుగా సాగినప్పుడు నక్షత్రకాంతిలో అతి కొద్ది భాగం ఆ గ్రహపు గాలిపొర గుండా వడగట్టబడి మనకు చేరుతుంది. ఆ గాలిలో ఏ వాయువు ఉంటే దాని గీతల వద్ద కాంతి మరికాస్త తగ్గుతుంది. కె2-18బి తన నక్షత్రాన్ని మరుగుపరచినప్పుడు తగ్గే కాంతి మొత్తం వెయ్యింట మూడు పాళ్లు మాత్రమే. అందులో గాలిపొర వంతు మరీ స్వల్పం. 2021 డిసెంబరు 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ దూరదర్శినికి 6.5 మీటర్ల వెడల్పుగల అద్దం ఉంది. అది భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి ఈ అల్పమైన తేడాలను కొలుస్తోంది.

వాయువు జీవానికి గుర్తు ఎట్లా అవుతుంది?

1965లో జేమ్స్ లవ్‌లాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఒక సులువైన ఆలోచన చెప్పాడు. జీవం లేని గ్రహపు గాలిలో రసాయనాలు తమలో తాము కలిసి, చివరకు ఒక నిలకడ స్థితికి వస్తాయి. జీవం ఉన్నచోట అట్లా జరగదు. ప్రాణులు ఎడతెగక వాయువులను పీల్చి, వదలుతూ ఆ నిలకడను చెడగొడుతూనే ఉంటాయి. కాబట్టి కలిసి మనజాలని వాయువులు కలిసి కనిపిస్తే, వాటిని ఎవరో అదేపనిగా నింపుతున్నట్లే.

భూమి ఇందుకు మంచి ఉదాహరణ. మన గాలిలో 21 శాతం ఆక్సిజన్. పది లక్షల పాళ్లలో రెండు పాళ్ల కంటె కొంచెం తక్కువగా మీథేన్. ఈ రెండూ ఒకచోట ఎక్కువ కాలం ఉండలేవు. సుమారు పది సంవత్సరాల్లో మీథేన్ ఆక్సీకరణం చెంది బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది. అయినా అది తరగకపోవడానికి కారణం నీరు నిలిచిన వరిమళ్ళు, చిత్తడి నేలలు, నెమరువేసే పశువులు, వీటితోపాటు మానవుడు తవ్వితీసే ఇంధనాలు. ఆక్సిజన్‌ను చెట్లు, పాచి, సముద్రపు సూక్ష్మజీవులు నింపుతాయి. కృష్ణా డెల్టాలోని వరిచేలు, నల్లగొండ జిల్లా ఆయకట్టు కూడా ఈ విధంగా ఆకాశానికి తమ జాడ తెలుపుతున్నట్లే. 1990 డిసెంబరులో బృహస్పతికి బయలుదేరిన గెలీలియో నౌక మార్గమధ్యంలో భూమి పక్కగా పోయింది. ఆ సందర్భంలో దాని సాధనాలను భూమివైపే తిప్పి, జీవం ఉన్న సంగతి ముందుగా తెలియనట్లే కార్ల్ సాగన్ బృందం పరీక్షించింది. ఆక్సిజన్, మీథేన్ ఒకచోట ఉండడం వారికి బలమైన ఆధారంగా కనిపించింది. అంటే పద్ధతి సరైనదేనని, జీవమున్న ఏకైక గ్రహం మీదనే రుజువయింది.

అయితే ఒక్క వాయువు ఒంటరిగా కనిపిస్తే ఈ వాదం బలహీనపడుతుంది. ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల దగ్గర తిరిగే గ్రహాల మీద తీవ్రమైన అతినీలలోహిత కాంతికి నీటి ఆవిరి విడిపోయి, ఉదజని అంతరిక్షంలోకి తప్పించుకుపోతే, ఏ ప్రాణీ లేకుండానే ఆక్సిజన్ మిగిలిపోవచ్చు.

ఒకే వాయువు, రెండు పుట్టుకలు

ఒక వాయువుకు రెండు మూలాలుండడం ఎట్లాగో హైదరాబాదు వాసులకు విడమరచి చెప్పనవసరం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ నడుమ ఉన్న కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు దశాబ్దాలపాటు నడిచింది. 2021-22లో దానిని నగరం వెలుపల బాటసింగారానికి తరలించారు. ఎండకాలం వచ్చిందంటే లారీల కొద్దీ మామిడికాయలు అక్కడ దిగేవి. కాయ పండడానికి కారణం అది తనలో తాను తయారుచేసుకునే ఇథిలీన్ అనే వాయువు. పల్లెల్లో కాయలను గడ్డిలో కప్పి మగ్గబెట్టడంలోని రహస్యం ఆ వాయువును బయటికి పోనీయకపోవడమే. పండేది ప్రాణమున్న కాయ. వాయువు ఆ ప్రాణక్రియకు గుర్తు.

కాని అదే ఇథిలీన్ కర్మాగారంలోనూ తయారవుతుంది. పది లక్షల పాళ్లలో 100 పాళ్ల వరకు దానిని పండ్లు మగ్గబెట్టే గదుల్లో వాడవచ్చునని 2016లో ఆహార భద్రతా సంస్థ అనుమతించింది. కాగా నిషేధించబడిన పద్ధతి కార్బైడ్. ఈ రాయికి తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు పుట్టి, ఇథిలీన్ చేసే పనే చేస్తుంది. బజారులో దొరికే కార్బైడ్‌లో భాస్వరపు మలినాలుంటాయి. అవి తేమతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. కార్బైడ్ పొట్లం దగ్గర వెల్లుల్లి వంటి వాసన రావడానికి ఇటువంటి మలినాలే కారణం. కార్బైడ్ వాడకాన్ని గురించి 2015లో హైదరాబాదు హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది.

ఈ ఫాస్ఫీన్ కథ శుక్రగ్రహం దాకా పోయింది. భూమి మీద ఈ వాయువు గాలి ఆడని బురదలోను, మురుగులోను, జంతువుల పేగుల్లోను కొద్దిగా కనిపిస్తుంది. అక్కడ దాని పుట్టుకకు సూక్ష్మజీవులతో సంబంధం ఉన్నదని భావిస్తారు. ధాన్యపు గోదాముల్లో పురుగుల నివారణకు పెట్టే మాత్రలు వదిలేది కూడా ఈ వాయువునే. 2020 సెప్టెంబరు 14న కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ గ్రీవ్స్ బృందం, శుక్రుని మేఘాల్లో వంద కోట్ల పాళ్లకు 20 పాళ్ల ఫాస్ఫీన్ ఉన్నదని ప్రకటించింది. శుక్రుని నేల సీసం కరిగిపోయేంత వేడిగా ఉంటుంది. కాని సుమారు 50 కిలోమీటర్ల ఎత్తున మేఘాల్లో ఉష్ణోగ్రత భూమి మీది వాతావరణానికి దగ్గరగా ఉంటుంది. ఆ మేఘాలు మాత్రం గంధకికామ్లంతో నిండినవి. అక్కడ ఫాస్ఫీన్‌ను పుట్టించగల ప్రాణరహిత మార్గమేదీ తమకు దొరకలేదని, కాబట్టి జీవం ఒక సంభావ్యత అని ఆ బృందం అన్నది.

తర్వాత ఏం జరిగిందో గమనించదగ్గది. చిలీలోని ఆల్మా దూరదర్శిని కొలతల సవరణలో లోపం ఉన్నదని తెలిసి, వాటిని మళ్ళీ సరిచూస్తే 20 పాళ్లు కాస్తా 1 నుంచి 4 పాళ్లకు తగ్గింది. మరికొందరు ఆ గీత ఫాస్ఫీన్‌ది కాదని, దాదాపు అదే స్థానంలో గీతగల గంధక ద్వియామ్లజనిదని వాదించారు. 2021లో సోఫియా అనే విమాన వేధశాల వెదకితే ఏమీ కనబడలేదు. గ్రీవ్స్ బృందం మాత్రం తమ వాదాన్ని వదులుకోలేదు. వివాదం పూర్తిగా సమసిపోలేదు. బృహస్పతి, శనిగ్రహాల లోలోపలి వేడికి ప్రాణుల ప్రమేయం లేకుండానే ఫాస్ఫీన్ తయారవుతుందన్న సంగతి 1970ల నుంచీ తెలిసినదే. గోదాములోని ఫాస్ఫీన్ మాత్రదా, మురుగుదా అని వాయువు తనంతట తాను చెప్పదు. దాని పుట్టుక తెలియాలంటే చుట్టూ ఉన్న పరిస్థితిని పరిశీలించాలి.

అంగారకుని మీథేన్, హైదరాబాదు బెలూన్లు

అంగారకుని విషయంలో చిక్కు మరో రకమైనది. అక్కడ మీథేన్ ఉన్నదని 2004 నుంచి వార్తలు వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్‌లో మీథేన్‌ను కొలిచే పరికరం ఒకటి ఉండేది. నౌక జయప్రదంగా గమ్యం చేరింది గాని, ఆ పరికరం తన రూపకల్పనలోని పరిమితి వల్ల మీథేన్ గీతలను ఇతర వాయువుల గీతల నుంచి నమ్మకంగా వేరుచేయలేకపోయింది. నేల మీద తిరుగుతున్న అమెరికా క్యూరియాసిటీ వాహనం 2019 జూన్‌లో వంద కోట్లకు 21 పాళ్ల మీథేన్‌ను నమోదు చేసింది. పైనుంచి చూస్తున్న ఐరోపా ఉపగ్రహానికి మాత్రం వంద కోట్లకు 0.05 పాళ్లు కూడా కనబడలేదు. ఇద్దరు సాక్షులూ సమర్థులే, వారి మాటలు మాత్రం పొసగవు. వాయువు వాహనం లోపలి నుంచే కారుతున్నదేమోనని కొందరు అనుమానించారు. ఈ ప్రశ్నకు సర్వసమ్మతమైన సమాధానం రాలేదు.

సాధనమే సాక్ష్యాన్ని కలుషితం చేయవచ్చునన్న ఈ భయం హైదరాబాదు శాస్త్రజ్ఞులకు అనుభవపూర్వకంగా తెలుసు. నగరంలో ఈసీఐఎల్ సమీపాన టాటా పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి 2001 జనవరిలోను, 2005 ఏప్రిల్‌లోను పెద్ద బెలూన్లను ఆకాశంలోకి పంపారు. జయంత్ నార్లికర్ ఈ పథకానికి ముఖ్య పరిశోధకులు. పై ఆకాశంలో సూక్ష్మజీవులున్నాయా, ఉంటే అవి భూమి నుంచి పైకి పోయినవా, అంతరిక్షం నుంచి కిందికి దిగినవా అన్నది ప్రశ్న. 2005లో పంపిన బెలూన్ 459 కిలోల బరువు మోసుకుపోయింది. అందులో గాలి తీసివేసి, క్రిములు లేకుండా శుద్ధిచేసిన 16 ఉక్కు గొట్టాలున్నాయి. వాటిని ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని నింపుకొని అవి పారాచూట్ మీద దిగివచ్చాయి.

కొత్తపేట నుంచి నాగోలు మీదుగా ఉప్పల్ చేరితే, అక్కడికి దగ్గరలోని హబ్సిగూడలో కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉంది. ఆ గాలిని అక్కడా, పుణెలోని మరో సంస్థలోనూ వేర్వేరుగా పరీక్షించారు. 12 బాక్టీరియా సమూహాలు, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. వీటిలో మూడు బాక్టీరియాలు అంతవరకు ఎవరూ వర్ణించనివి. ఫ్రెడ్ హాయిల్, ఇస్రో, ఆర్యభట్టల పేర్లు వాటికి పెట్టి 2009లో వెల్లడించారు. తమ దగ్గరి జాతుల కంటె ఇవి అతినీలలోహిత కాంతిని బాగా తట్టుకున్నాయి.

ఇక్కడ దొరికింది వాయువు కాదు, సాక్షాత్తూ ప్రాణులే. అయినా ఇవి భూమికి వెలుపలివని ఈ పరిశోధన నిర్ధారించడం లేదని ఇస్రో తన ప్రకటనలోనే స్పష్టం చేసింది. ఆ సంయమనం సరైనదని కాలం చూపింది. ఆర్యభట్ట పేరుగల బాక్టీరియా తర్వాతి సంవత్సరాల్లో పలు దేశాల్లో మట్టిలోను, మొక్కల వేళ్ళ దగ్గరా కనిపించింది. కొత్తది కావడం వేరు, వేరే లోకానిది కావడం వేరు. చేతికి దొరికిన ప్రాణి పుట్టుక తేల్చడమే ఇంత కష్టమైతే, 124 కాంతి సంవత్సరాల అవతల ఉన్న వాయువు సంగతి చెప్పనవసరం లేదు.

కె2-18బి: వార్త వెనుక ఉన్నదేమిటి?

ఈ గ్రహాన్ని 2015లో కనుగొన్నారు. దీని బరువు భూమికి 8.6 రెట్లు, వ్యాసార్థం 2.6 రెట్లు. ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ 33 రోజులకొకసారి తిరుగుతుంది. నీరు ద్రవంగా నిలవడానికి అనువైన దూరంలో ఉంది. 2019 సెప్టెంబరులో హబుల్ దూరదర్శిని కొలతలను బట్టి ఇక్కడ నీటి ఆవిరి కనబడిందన్నారు. 2023లో జేమ్స్ వెబ్ మరింత స్పష్టంగా చూస్తే, అక్కడ తేటగా కనిపించినవి మీథేన్, బొగ్గుపులుసు వాయువు. హబుల్ చూసింది నీటి ఆవిరి కాక మీథేన్ గీతే అయివుండాలని తేలింది. ఈ గ్రహం విషయంలో ఒక ప్రకటన ఈ విధంగా అప్పటికే సవరణకు గురయింది.

ఉదజని గాలి కింద లోతైన సముద్రం గల లోకం ఇదని మధుసూదన్ బృందం అభిప్రాయం. ఇటువంటి గ్రహాలకు ఆయన, సహచరులు 2021లో హైసియన్ అని పేరు పెట్టారు. ఇది సముద్రమే లేని, దట్టమైన వాయువులు కమ్మిన చిన్న నెప్ట్యూన్ వంటిదని ఇతరులంటారు. కింద ఉన్నది కరిగిన శిలాద్రవం కావచ్చునన్నవారూ ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో మరో సాధనంతో చేసిన కొలతలో డైమిథైల్ సల్ఫైడ్ గాని, దానికి దగ్గరిదైన డైమిథైల్ డైసల్ఫైడ్ గాని, లేదా రెండూ గాని ఉన్నట్లు తోచింది. ఈ రెంటిలో ఏది అన్నది ఆ కొలత విడదీయలేకపోయింది. లెక్క ప్రకారం పరిమాణం పది లక్షలకు 10 పాళ్లకు పైగా ఉండాలి. భూమి మీద ఇది వంద కోట్లకు ఒక పాలు కూడా ఉండదు.

ఇక్కడ పాఠకుడు గమనించవలసిన అంకె ఒకటి ఉంది. ఈ సంకేతం కేవలం యాదృచ్ఛికంగా ఏర్పడే అవకాశం 0.3 శాతమని పరిశోధకులు చెప్పారు. చాలామంది దీనిని "99.7 శాతం జీవం ఉన్నట్లే" అని అర్థం చేసుకున్నారు. అది పొరపాటు. ఆ అంకె కొలతలోని ఎగుడుదిగుళ్ళను గురించినదే గాని జీవాన్ని గురించినది కాదు. పైగా అది ఎంచుకున్న కొద్ది వాయువులను పోల్చి కట్టిన లెక్క. శాస్త్రజ్ఞులు ఒక ఆవిష్కరణను అంగీకరించడానికి ఆ అవకాశం సుమారు 17 లక్షల్లో ఒకటికి తగ్గాలి. ఆ స్థాయి రాలేదని మధుసూదన్ బృందం కూడా ఒప్పుకున్నది.

ఆక్షేపణలు మూడు దిక్కుల నుంచి వచ్చాయి. మొదటిది, ఆ కొలతల్లో గీత అనదగినదే స్పష్టంగా లేదని, అడ్డంగా ఒక సరళరేఖ గీసినా అవి దాదాపు సరిపోతాయని ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన జేక్ టేలర్ చూపాడు. రెండవది, మరికొన్ని వాయువులను పరిశీలనకు తీసుకుంటే అవీ అంతే బాగా సరిపోతాయని ఇతర బృందాలు చూపాయి. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: ఆ వాయువు నిజంగా ఉన్నా జీవానికి గుర్తు కానక్కరలేదు. 67పి అనే తోకచుక్క వద్దకు వెళ్ళిన రోసెట్టా నౌక కొలతల్లో ఇదే డైమిథైల్ సల్ఫైడ్ బయటపడింది. ప్రాణమే లేని వాయు మిశ్రమం మీద అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి ప్రయోగశాలలోనూ దానిని పుట్టించారు. 2025 జులైలో మరికొన్ని కొత్త కొలతలను కలిపి మరో బృందం పరిశీలించినప్పుడు, ఆ వాయువు ఉన్నదనడానికి నిశ్చయమైన ఆధారం లభించలేదు.

సాక్షిని విచారించే పద్ధతి

ఈ వాదోపవాదాలు ముస్లిం విద్యాసంప్రదాయం ఎరిగిన పాఠకులకు వింతగా తోచవు. క్రీ.శ. 11వ శతాబ్దిలో అల్ బిరూనీ భారతదేశాన్ని గురించి రాసిన గ్రంథాన్ని చెవిన పడ్డదానికీ కంటితో చూసినదానికీ గల తేడాతోనే ప్రారంభించాడు. హదీసువేత్తలు మరింత ముందుకు పోయారు. ఉల్లేఖనలోని మాట ఎంత ఇంపుగా ఉన్నదని గాక, దానిని తెచ్చినవాడెవడు, అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది, ఎవరి నుంచి విన్నాడు, పరంపరలో ఎక్కడైనా తెగిందా అని అడిగారు. ఒకే ఉల్లేఖకుని ద్వారా వచ్చిన దానిని ఖబరె వాహిద్ అన్నారు. అబద్ధానికి ఏకీభవించడం అసాధ్యమైనంత మంది, తరతరానా, వేర్వేరుగా చెప్పినదానిని ముతవాతిర్ అన్నారు. మొదటిది తోసిపుచ్చదగినది కాదు. అయితే అది ఇచ్చేది సాధారణంగా జన్న్, అనగా బలమైన అభిప్రాయం. యఖీన్, అనగా నిశ్చయజ్ఞానం రెండవదాని వల్లనే కలుగుతుంది.

విషయాలు వేరైనా విచారణ వరుస పోలికగలదే. దూరగ్రహం మీద జీవచిహ్నం కనబడిందన్న వార్త వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. సంకేతం నిజమైనదా, లేక సాధనపు లోపమా? నిజమైతే అది చెప్పబడిన వాయువుదేనా, అదేచోట గీతగల మరొకదానిదా? ఆ వాయువే అయితే ప్రాణం లేకుండా అది పుట్టే దారి ఉన్నదా? అటువంటి దారి లేదంటే, వేరే సాధనంతో వేరే బృందం చూసినా అదే మాట వస్తున్నదా? శుక్రుని ఫాస్ఫీన్ మొదటి రెండు ప్రశ్నల దగ్గరే తడబడింది. అంగారకుని మీథేన్ నాల్గవదాని దగ్గర నిలిచిపోయింది. కె2-18బి మొదటి ప్రశ్నను ఇంకా దాటలేదు. దాటినా మూడవది కాచుకొని ఉంది.

అభిప్రాయాన్ని మార్చుకోవడం శాస్త్రజ్ఞుల నిలకడలేమి కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. బలహీనమైన ఉల్లేఖనను బలహీనమైనదిగా గుర్తించి చెప్పడం హదీసు విద్యకు కళంకం కాలేదు సరికదా, ఆ విద్య నమ్మకాన్ని నిలబెట్టినది అదే.

తొందరపాటు వల్ల కలిగే నష్టం

ఇటువంటి వార్త వెలువడగానే దానిని విశ్వాసంతో ముడిపెట్టే ప్రయత్నాలు రెండు వైపులా జరుగుతాయి. ఇతర లోకాల్లో జీవం ఉంటే మతాలు కూలిపోతాయనేవారు కొందరు. ఇదంతా మా గ్రంథంలో ముందే ఉన్నదని కరపత్రాలు వేసేవారు కొందరు. ఆకాశాల్లోను భూమిలోను వ్యాపింపజేసిన ప్రాణులను గురించి సూరా అష్షూరా 29వ ఆయత్‌లో ప్రస్తావన ఉన్న మాట వాస్తవమే. పూర్వ వ్యాఖ్యాతల్లో కొందరు ఆకాశాల్లోని ప్రాణులంటే దైవదూతలన్నారు. మౌలానా మౌదూదీ తఫ్హీముల్ ఖుర్ఆన్‌లో ఇతర గ్రహాల మీద కూడా జీవం ఉన్నదనడానికి ఇది సూచన అన్నారు. అబ్దుల్లా యూసుఫ్ అలీ అభిప్రాయమూ అందుకు దగ్గరగానే ఉంది. ఈ అభిప్రాయాలు జేమ్స్ వెబ్ పుట్టకముందే వెలువడినవి. ఏ కొలత మీదా ఆధారపడినవి కావు.

కాబట్టి ఆ ఆయత్‌కు కె2-18బి రుజువూ కాదు, ఖండనా కాదు. ఏప్రిల్‌లో దానిని రుజువుగా చూపినవారు జులైలో ఏమని సమాధానం చెప్పాలి? కొలత కూలినప్పుడు దాని మీద నిలిపిన వ్యాఖ్యానమూ కూలుతుంది. విన్న యువకుని మనసులో ఆ కూలుబాటు వ్యాఖ్యానంతో ఆగకుండా గ్రంథం దాకా పాకుతుంది. వార్తను పరిశీలించకుండా అంగీకరించవద్దని బోధించిన ధర్మానికి పరిశీలించని వార్తతో బలం చేకూర్చబోవడం, ఆ ధర్మానికి చేసే సేవ కాదు.

భూమికి వెలుపల జీవం ఉన్నదనడానికి ఇంతవరకు రుజువైన సాక్ష్యం లేదు. లేదని తేలనూ లేదు. ఈ మాట చప్పగా తోచవచ్చు గాని, దీని వెనుక ఉన్న శ్రమ చిన్నది కాదు. పైగా ఈ విచారణలో ఒక సౌలభ్యం ఉన్నది. హదీసు ఉల్లేఖకుడు గతించిపోయాడు. అతన్ని మళ్ళీ పిలిచి అడగలేము. దూరగ్రహం మాత్రం తన నక్షత్రానికి ముందుగా 33 రోజులకొకసారి సాగుతూనే ఉంటుంది. సందేహమున్న ప్రతిసారీ అదే సాక్షిని మళ్ళీ నిలబెట్టి, మరింత మంచి సాధనంతో అడగవచ్చు. సమాధానం వచ్చేదాకా ఓపిక పట్టడమే విద్యావంతుని పని.